మంచి కాలు ముందు

ఆ పొద్దున ఆకాశం కురవాలా వద్దా అని ఎటూ తేల్చుకోలేక బూడిదరంగులో వేలాడుతోంది. తూర్పున ఒక్కచోట మబ్బు పల్చబడి, సన్నటి తెల్లగీత అడ్డంగా సాగింది. స్కాన్ గది కిటికీ దగ్గర నిలబడి, జెల్ సీసాని వేణ్నీళ్ల గిన్నెలో ముంచి పట్టుకున్న చీలమండ మాస్టారు ఆ గీతనే చూస్తున్నారు. ముప్ఫై ఏళ్లుగా బూడిదరంగులో తెల్లగీతలు వెతకడమే పనిగా బతికిన మనిషి. ఆకాశాన్నయినా అలాగే చూస్తారు.

సీసా గిన్నె అంచుకి తగిలి టకటకమంది. మాస్టారు దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నారు. చప్పుడు ఆగింది.

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అది ఎముకల ఆసుపత్రి. భుజాలు, మోకాళ్లు, మణికట్లు అన్నీ ఆ గదికే వస్తాయి. కానీ చీలమండ దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యే వేరని పాత సర్జను ఒకసారి నలుగురిలో అన్నాడు. అప్పట్నుంచి చీలమండ మాస్టారు అయిపోయారు. ఏ బడిలోనూ పాఠం చెప్పింది లేదు. డాక్టరు కూడా కాదు. బొమ్మ తీసేది ఆయన, చదివి కింద సంతకం పెట్టేది డాక్టరు. ముప్ఫై ఏళ్లలో ఒక్క కాగితం మీదా ఆయన సంతకం లేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే చెవిన పెట్టలేదు.

గది చిన్నది. ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే కొట్టు. ఒక బల్ల, దాని రెగ్జిన్ చిరిగిన చోటల్లా కట్లు కట్టే తెల్ల ప్లాస్టరు. ఒక స్టూలు. మూలన మిషన్, దాని పక్కన మడతపెట్టిన తువ్వాళ్లు. జెల్ వెచ్చగా ఉండాలని ఆ వేణ్నీళ్ల గిన్నె. అది ఆసుపత్రి ఇచ్చింది కాదు, ఇంటి నుంచి తెచ్చుకున్నది. చల్లటి జెల్ పడితే కాలు ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడ్డ కాలు బిగుసుకుంటుంది. బిగుసుకున్న కాలు నిజం చెప్పదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. దానికే ఆసుపత్రి అంతా నవ్వుకునేది. కాలు మెలికపడి ఎవరొచ్చినా, ఆయన ముందు బాగున్న కాలిని స్కాన్ చేస్తారు. నొప్పి కాలు ఆ తర్వాతే. "మాస్టారి గదిలో ఏ తప్పూ చెయ్యని కాలికే ముందు విచారణ" అని పైవార్డు నర్సుల హాస్యం. ఎందుకలా అని అడిగితే, "దానికీ పనుంది" అని ఊరుకునేవారు.

చెయ్యి సంగతి ఆరు నెలల నాటిది. మొదట టీ కప్పు సాసరు మీద మాట్లాడింది. తర్వాత తాళంచెవి తాళం చుట్టూ తిరిగింది. వేరే ఊళ్లో డాక్టరుకి చూపించుకుని వచ్చారు. మందులిచ్చాడు, ముదరకుండా చూడగలం గానీ పోదు అన్నాడు. ఇంట్లో ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకరోజు చొక్కా తొడుక్కుంటుంటే బొత్తాలు లేవు. అన్ని చొక్కాలకీ బొత్తాలు పీకేసి, నొక్కితే అతుక్కునే టిచ్ బటన్లు కుట్టేసి ఉన్నాయి. ఆయన భార్య ఒక బట్టల దుకాణానికి ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఆమె చేతి కుట్టు అది.

"ఇదేంటి?" అన్నారు.

"కొత్త ఫ్యాషనండీ. మీరేం తక్కువా?" అంది ఆమె, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ. తల ఎత్తలేదు.

వాళ్లిద్దరి మధ్యా ఆ విషయం మీద జరిగిన సంభాషణ అంతే.

ఆ రోజు మొదట వచ్చింది ఒక పంతులమ్మ. బస్సు మెట్టు దిగుతూ కాలు మడతపడిందట. బల్ల మీద కూర్చోగానే వాచిన ఎడమ కాలు ముందుకు చాపింది. మాస్టారు కుడి కాలు కింద తువ్వాలు పెట్టారు.

"నొప్పి ఇది కాదండీ, అది."

"తెలుసమ్మా."

"మా క్లాసులో పిల్లలూ అంతే. అడిగిందానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్తారు."

మాస్టారు నవ్వారు. వెచ్చటి జెల్ వేసి, ప్రోబ్ అందుకున్నారు. అది అరచేతిలో ఇమిడే పనిముట్టు, చర్మం మీద పెడితే లోపలి బొమ్మ తెర మీద పడుతుంది. ఆయన దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, చిటికెనవేలు ఆమె కాలి మీద ఆనించారు. ఆ వేలు ఊతంగా ఆనితే చెయ్యి చాలావరకు నిలబడుతుంది. చాలావరకే. తెర మీద బొమ్మ కొంచెం అదిరింది. ఆయన ఊపిరి బిగబట్టారు. అదురు తగ్గిన ఆ రెండు క్షణాల్లో బొమ్మని ఆపారు. మళ్లీ ఊపిరి. మళ్లీ బిగబట్టడం. ఆరు నిమిషాల పనికి ఇరవై నిమిషాలు పట్టింది.

పంతులమ్మకి ఏం తెగలేదు. వాపే. ఆవిడ కుంటుకుంటూ వెళ్లాక మాస్టారు స్టూలు మీద కూర్చుని నుదురు తుడుచుకున్నారు. బయట వరండాలో బెంచీ నిండిపోయింది. ఎవరిదో గొంతు గట్టిగా వినపడుతోంది.

"లోపల స్కాన్ తీస్తున్నారా, సినిమా తీస్తున్నారా?"

ఆ గొంతు కరెంటు పనుల మేస్త్రీది. పక్కన అతని గ్యాంగులో పనిచేసే అమ్మాయి, కుడికాలికి క్రేప్ కట్టుతో. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. కరెంటు స్తంభాలెక్కి తీగలు బిగించే పని. ఆ గ్యాంగులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. అందరూ స్తంభాల పిల్ల అంటారు. పదకొండు రోజుల క్రితం స్తంభానికి బిగించిన ఇనప మెట్లు దిగుతూ ఆఖరిదాని మీద కాలు జారింది. పైనుంచి కాదు, ఆఖరి మెట్టు నుంచి. అదే ఆమెకి అవమానం.

"ముప్ఫై అడుగులెక్కి దిగిందాన్ని, ఒక్క అడుగు దగ్గర పడ్డాను" అని వచ్చిన ప్రతివాళ్లకీ తనే ముందుగా చెప్పేసుకుంటోంది, వాళ్లు అనకుండా.

ఆమెకి ఆ రోజు కావలసింది ఒక కాగితం. ఆరేళ్లుగా రోజుకూలీ. ఇప్పుడు కరెంటాఫీసువాళ్లు ఉద్యోగాలు ఖాయం చేసే జాబితా తయారు చేశారు. స్తంభం ఎక్కే పరీక్ష రెండు నెలల తర్వాత. కానీ దెబ్బ తగిలినవాళ్లు ఆ రోజు సాయంత్రం నాలుగులోపు ఆసుపత్రి కాగితం ఇవ్వాలి. లిగమెంటు కొంత చినిగిందని ఉంటే పేరు ఉంటుంది. పూర్తిగా తెగిందని ఉంటే పేరు కొట్టేస్తారు. మళ్లీ జాబితా ఎప్పుడో ఎవరికీ తెలియదు.

మాస్టారి గది ముందు వరస కదలకపోయేసరికి చిన్న డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆసుపత్రిలో చేరి మూడు నెలలు. చురుకైన పిల్ల, మాట కత్తిరించినట్టు ఉంటుంది. పక్క గదిలో రెండో మిషన్ ఉంది. "రండి, నేను చూస్తాను" అని స్తంభాల పిల్లని తీసుకెళ్లింది. అయిదు నిమిషాల్లో బయటికి పంపింది.

మాస్టారు ఇంకో ఇద్దర్ని చూశారు. ఒక భుజం, ఒక మోకాలు. ఒంటిగంట దాటింది. బొమ్మలు అచ్చయ్యే యంత్రం ఆయన గదిలోనే ఉంది. అందులోంచి పక్క గదిలో తీసిన స్తంభాల పిల్ల కాలి బొమ్మ వచ్చి పడింది. దాన్ని కవర్లో పెట్టి పంపడం ఆయన పని, చూడడం కాదు. కానీ చూడకుండా ఉండలేరు.

చీలమండ బయటివైపు, రెండు ఎముకల మధ్య. అక్కడ ఉండాల్సిన లిగమెంటు, ఎముకనీ ఎముకనీ కట్టిపెట్టే ఆ రెండంగుళాలైనా లేని పట్టీ, తెల్లగా మెరవాలి. ఈ బొమ్మలో అక్కడ నల్లగా ఉంది. చూడగానే ఎవరైనా తెగిందనే అంటారు.

మాస్టారు బొమ్మని కిటికీ వెలుగులోకి ఎత్తారు. చేతిలో అది గాలికి ఊగినట్టు ఊగింది. కిటికీ అద్దానికి ఆనించి, అరచేత్తో నొక్కిపెట్టి చూశారు.

తెగిన తాడుకి కొసలుండాలి. కొసలు చెదిరి, వెనక్కి ముడుచుకుని, మధ్యలో నీరు నిలవాలి. ఇక్కడ కొసల్లేవు. నీరు లేదు. ఊరికే నల్లగా ఉంది, దీపం ఆర్పేసిన ఇల్లులా. ఇల్లు కూలితే ఇటుకలు కనపడాలి కదా.

ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆ నలుపు ఆయనకి తెలుసు. దాన్ని సరిచెయ్యాలంటే ఆ కాలు మళ్లీ చూడాలి. డాక్టరమ్మ ముందు, ఆ పిల్ల ముందు, మేస్త్రీ ముందు, జేబులోంచి ఆ చెయ్యి బయటికి తియ్యాలి. పోనీ ఊరుకుంటే? కవర్లో పెట్టి పంపేస్తే? సంతకం తనది కాదు. తను ఇంత నెమ్మది కాకపోతే ఆ పిల్ల ఈ గదికే వచ్చేది. ఆ ఒక్క ముక్కా ఆయన్ని నిలబడనివ్వలేదు.

బొమ్మ పట్టుకుని పక్క గదిలోకి వెళ్లారు. చిన్న డాక్టరమ్మ రిపోర్టు టైపు చేయించి, సంతకానికి పెన్ను మూత తీస్తోంది.

"డాక్టరమ్మా, ఒక్కసారి ఇది చూస్తారా?"

"చూశాను కదా మాస్టారూ. నేనే కదా తీసింది. పూర్తిగా తెగిపోయింది."

"కొసలు కనపడట్లేదమ్మా."

"మిషన్ పాతది. అంత బాగా రాదు."

"పాతదే. కానీ దానంతట అది అబద్ధం చెప్పదు. మనం ఒరిగితే చెప్తుంది."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. మొహం ఎర్రబడింది. "అంటే నా చెయ్యి ఒరిగిందంటారా?"

మాస్టారు తలుపు దగ్గరగా వేశారు. ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి. భార్యకి కూడా చెప్పలేదు.

"నాది ఒరిగిందమ్మా, ఒకసారి. ఒక కుర్రాడు, మంటలార్పే దళంలో సెలక్టయి ఉన్నాడు. కాలు మెలికపడి వచ్చాడు. నేను ప్రోబ్ పెట్టాను. నల్లగా కనపడింది. తెగింది డాక్టరు గారూ అన్నాను. అప్పటికి నాకు పేరొచ్చింది కదా, నా మాట మీద నమ్మకం. కోశారు. లోపల లిగమెంటు నిక్షేపంలా ఉంది. సర్జను బయటికొచ్చి నన్నేం తిట్టలేదు. చేతులు కడుక్కుంటూ, 'లోపల చూశానయ్యా, తాడులా ఉంది' అన్నాడు. అంతే. కోసిన కాలు కదా, ఆ కుర్రాణ్ణి దళంలోకి తీసుకోలేదు."

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది.

"నాలుగేళ్ల తర్వాత చెప్పులు కొందామని దుకాణానికి వెళ్లాను. నా ముందు గొంతుకూర్చుని, నా పాదం చేతిలోకి తీసుకుని కొలత చూశాడు ఒకతను. కూర్చున్నప్పుడు ప్యాంటు పైకి జరిగింది. చీలమండ మీద కుట్ల మచ్చ కనపడింది. అతను నన్ను గుర్తుపట్టలేదు. 'మీ పాదం మంచి పాదం సార్, ఏ జోడైనా సరిపోతుంది' అన్నాడు."

మాస్టారు బొమ్మని బల్ల మీద పెట్టారు.

"అందుకేనమ్మా మంచి కాలు ముందు చూసేది. వీళ్లంతా నవ్వుతారు, నవ్వనీండి. నల్లగా కనపడితే ముందు నా చెయ్యి చూసుకుంటాను. తర్వాతే వాళ్ల కాలు."

డాక్టరమ్మ టైపు చేసిన కాగితాన్ని తలకిందులుగా తిప్పి పెట్టింది. లేచింది. "పదండి" అంది.

స్తంభాల పిల్లని మళ్లీ లోపలికి పిలిచేసరికి మేస్త్రీ కూడా వెంటబడి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి సార్, టైము రెండవుతోంది. కాగితం చేతికొస్తుందా రాదా?"

"వస్తుంది. నువ్వు ఆ గుమ్మం వదిలితే వెలుగు కూడా వస్తుంది" అన్నారు మాస్టారు.

పిల్ల కిసుక్కున నవ్వింది. పొద్దుట్నుంచి అదే మొదటిసారి నవ్వడం. మేస్త్రీ పక్కకి జరిగాడు గానీ వెళ్లలేదు. పైకి ఎంత అరిచినా అతని చేతిలో ఆ పిల్ల చెప్పుల జత ఉంది. పట్టుకున్నట్టు అతనికే తెలియనట్టుంది.

మాస్టారు జేబులోంచి కుడి చెయ్యి తీశారు. ఎడమ కాలు, అంటే బాగున్న కాలు, తువ్వాలు మీద పెట్టి జెల్ వేశారు.

"అబ్బ, వెచ్చగా ఉందే! ఇందాక ఆవిడ వేసింది ఐసుముక్కలా ఉంది" అంది పిల్ల. డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది.

చిటికెనవేలు ఆనింది. ఊపిరి ఆగింది. తెర మీద తెల్లటి పట్టీ, పోగులు పోగులుగా, దువ్విన జుట్టులా మెరిసింది.

"ఇప్పుడు చూడండి డాక్టరమ్మా" అని ప్రోబ్‌ని వెంట్రుకవాసి ఒరిగించారు. తెల్లటి పట్టీ నల్లబడి మాయమైంది. "మంచి కాలిది కూడా తెగిపోయింది."

పిల్ల లేచి కూర్చుంది. "అయ్యో! రెండూ పోయాయా?"

"పోలేదమ్మా, పడుకో. నా చెయ్యి ఒరిగింది." మళ్లీ నిటారు చేశారు. పట్టీ తిరిగొచ్చింది. "ఇదిగో, ఉంది."

"ఇలా గుండెలాపితే ఎలా సార్?" అన్నాడు మేస్త్రీ. ఈసారి గొంతు తగ్గింది.

తర్వాత నొప్పి కాలు. వాపు మీద ఆయన ప్రోబ్ ఆనించిన తీరు డాక్టరమ్మ కళ్లార్పకుండా చూసింది. నొక్కడం లేదు. జెల్ మీద తేలుతున్నట్టుంది. మొదట నలుపే కనపడింది. ఆయన కొంచెం కొంచెంగా ప్రోబ్‌ని నిటారు చేస్తూ వచ్చారు. నల్లటి చోట లోపల్నుంచి ఎవరో దీపం వెలిగించినట్టు బూడిదరంగు, దాని మీద తెల్లటి గీతలు. లావెక్కి, ఉబ్బి, అంచుల్లో చెదిరి, కానీ ఈ ఎముక నుంచి ఆ ఎముక దాకా ఉంది.

డాక్టరమ్మ తెర దగ్గరికి వంగింది.

"ఇంతటితో చాలదు" అన్నారు మాస్టారు. "ఉండడం వేరు, పట్టుకుని ఉండడం వేరు. మడమ ముందుకు లాగి చూడాలి. లాగితే సందు తెరుచుకుందా, తెగినట్టే లెక్క."

అది ఒక్క మనిషి రెండు చేతులతో చేసే పని. ఒక చేత్తో మడమ లాగుతూ, ఇంకో చేత్తో ప్రోబ్ కదలకుండా పట్టుకోవాలి. కొన్ని వేల సార్లు చేసిన పని. మాస్టారు ఎడమ చెయ్యి మడమ వెనక్కి పోనిచ్చి లాగారు. ఆ లాగుడుకి ఒంట్లో సత్తువంతా ఎడమ వైపు పోయింది. కుడి చెయ్యి దిక్కులేనిదైంది. చిటికెనవేలు జెల్‌లో జారింది. తెర మీద బొమ్మ తెలుపు, నలుపు, తెలుపు, నలుపు అని కొట్టుకుంది.

వదిలేశారు. మళ్లీ పట్టుకున్నారు. మళ్లీ అంతే.

పిల్ల ఆయన చేతినే చూస్తోంది. స్తంభం మీద పనిచేసే మనిషి, చెయ్యి సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారు ప్రోబ్ తీసి, తువ్వాలుతో తుడిచి, పిడి వైపు డాక్టరమ్మకి అందించారు.

"మీరు పట్టుకోండమ్మా."

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, అందుకుంది.

"చిటికెనవేలు ఆ పిల్ల కాలికి ఆనించండి. ఆఁ. నొక్కొద్దు. కాగితం మీద కాగితం పెట్టినంత బరువు. కళ్లు తెర మీద ఉంచండి, మనసు మాత్రం చేతిలో పెట్టండి. ఒరుగుతోంది... ఇటు. ఇంకొంచెం. నిలపండి."

తెల్లటి పట్టీ తెర మీదకొచ్చి నిలబడింది.

మాస్టారు రెండు చేతులతో మడమ పట్టుకున్నారు. బరువు ఎత్తేటప్పుడు, లాగేటప్పుడు ఆ చేతికి వణుకు ఉండదు. అది ఆ జబ్బు చూపించే దయ. "కొంచెం నొప్పి పుడుతుందమ్మా, కాలు వదులు చెయ్యి" అని, నెమ్మదిగా ముందుకు లాగారు.

పట్టీ సాగింది. కింది పోగులు కొన్ని చిట్లిన చోట నల్లటి గీత కొంచెం తెరుచుకుంది. పై పోగులు బిగుసుకున్నాయి. ఇంకొంచెం లాగారు. పిల్ల పళ్లు బిగపట్టింది. పోగులు బిగుసుకుని, అక్కడ ఆగాయి. ఇక సాగలేదు. మాస్టారి చేతికి కూడా ఆ ఆగడం తెలిసింది. పడవని రేవుకి లాగి కట్టిన తాడు బిగిసినప్పుడు తెలిసినట్టు తెలిసింది.

"పట్టుకుంది" అంది డాక్టరమ్మ, గొణిగినట్టు.

మంచి కాలినీ అలాగే లాగి చూశారు. రెంటికీ తేడా గోరంత.

"అయితే ఏమీ లేదని రాసేయండి మేడమ్!" అన్నాడు మేస్త్రీ గుమ్మంలోంచి.

"ఏమీ లేదని రాయరు" అన్నారు మాస్టారు. "ఉన్నది రాస్తారు. కొంత చినిగింది. కట్టు కట్టుకుని, చెప్పిన కసరత్తు చేస్తే ఆరేడు వారాల్లో అతుక్కుంటుంది. ఈలోగా ఈ పిల్ల ఏదైనా స్తంభం ఎక్కిందని తెలిసిందో, నేనే వచ్చి నిచ్చెన లాగేస్తా."

"మేం నిచ్చెన వాడం సార్" అంది పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

"అయితే స్తంభమే లాగేస్తా."

డాక్టరమ్మ తన గదికెళ్లి పాత కాగితం చింపేసి, కొత్తది చేత్తోనే రాసుకొచ్చింది. సంతకం పెట్టింది. పెట్టి, కాగితాన్ని మాస్టారి వైపు తిప్పింది.

"కింద మీరు కూడా పెట్టండి మాస్టారూ. రూలు లేకపోయినా ఫర్వాలేదు."

ఆయన కాగితం వైపు చూశారు. ముప్ఫై ఏళ్లలో ఎవరూ అడగని మాట. కొంచెంసేపు చదువుతున్నట్టు ఉండిపోయి, వెనక్కి జరిపారు.

"బొమ్మ తీసింది మీ చెయ్యమ్మా. నేను మడమ పట్టుకున్నాను, అంతే." తర్వాత, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నారు: "రేపట్నుంచి ఈ గది మీరే చూసుకోవాలి. నేను రాను."

"మాస్టారూ, అదేంటి? మీకింకా రెండేళ్ల సర్వీసుంది. ఇంకేదైనా పని..."

"ఒరుగుతున్నానమ్మా" అన్నారు. "మీరు చూశారుగా. పొద్దున ఆ పంతులమ్మ దగ్గర కూడా అదృష్టం కొద్దీ బయటపడ్డాను. ఒకరి కాలు గురించి చెప్పే మాటని అదృష్టానికి వదిలెయ్యకూడదు."

ఇంకెవరి గురించైనా ఆయన ఇదే చెప్పేవారని, తన సొంత విషయంలోనూ తప్పించుకోలేదని డాక్టరమ్మకి అర్థమైంది.

వరండా చివరికెళ్లి మాస్టారు ఇంటికి ఫోను చేశారు.

"ఇవాళ త్వరగా వచ్చేస్తున్నా."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "త్వరగా అంటే?"

"ఇక రేపట్నుంచి లేదు."

"భోంచేశారా?" అంది ఆమె.

"లేదు."

"ఎన్నాళ్లుగా లేదు? డబ్బా ఇంటికి తెచ్చి నాకు తెలియకుండా సాయంత్రం తినడం నేను చూడట్లేదనుకున్నారా? నలుగురితో కూర్చుని తిని రండి. ఆ తర్వాతే ఇంటికి." ఫోను పెట్టేసింది.

నిజమే. ఆరు నెలలుగా ఆయన ఎవరి ముందూ ముద్ద ముట్టలేదు. ఆకలి లేదని, తిని వచ్చానని, ఏదో ఒకటి చెప్పుకుంటూ వచ్చారు.

వెనక్కొచ్చేసరికి వరండా ఖాళీ అయింది. క్యాంటీన్ మూసేసే వేళ. మేస్త్రీ బెంచీ మీద పెద్ద క్యారియరు విప్పుతున్నాడు. గ్యాంగుకని తెచ్చుకున్న భోజనం.

"ఆఫీసు పక్క వీధే సార్, ఇంకా గంట పైనే ఉంది. ఖాళీ కడుపుతో పరిగెత్తితే దారిలో నేనూ పడతాను, అప్పుడు నా మంచి కాలు కూడా మీరే చూడాలి. కూర్చోండి. మేడమ్, మీరూ."

డాక్టరమ్మ కూర్చుంది. స్తంభాల పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపల దాచుకుని, కట్టున్న కాలు చాపుకుని కూర్చుంది. మాస్టారు ఒక్క క్షణం నిలబడి, ఆమె పక్కన కూర్చున్నారు. మేస్త్రీ నాలుగు పళ్లేల్లో అన్నం, కూర పెట్టాడు. మాస్టారి పళ్లెంలో చెంచా వేశాడు. ఎందుకు వేశాడో చెప్పలేదు.

తినడం మొదలుపెట్టారు.

చెంచా పళ్లెం అంచుకి తగిలి చిన్నగా మోగింది. సగం అన్నం నోటిదాకా వెళ్లింది, సగం ఒళ్లో పడింది. మాస్టారు తల ఎత్తలేదు. రెండో చెంచా. మూడోది. ఎవరో ఒకరు ఏదో అంటారని, కనీసం పాపం అన్నట్టు చూస్తారని ఆయన ఎదురుచూశారు. ఎవరూ చూడలేదు. పొద్దుట్నుంచి నోరు మూయని మేస్త్రీ పళ్లెంలోకే చూస్తూ నములుతున్నాడు. డాక్టరమ్మ ఒక్కో మెతుకూ లెక్కపెట్టినంత నెమ్మదిగా తింటోంది. స్తంభాల పిల్ల పళ్లెం ఎప్పుడో ఖాళీ అయినా, ఆయన కంటే ముందు లేవకూడదని వేళ్లతో అడుగు తుడుస్తూ కూర్చుంది. ఆయన చెంచా మోత మోగుతూనే ఉంది. కాసేపటికి అది వాళ్ల నమలడంలో, పళ్లేల చప్పుడులో కలిసిపోయి, మిగతా చప్పుళ్లలాంటి ఒక చప్పుడైంది. మాస్టారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

నలుగురూ తినడం ముగించేదాకా ఒక్క మాట లేదు.

డాక్టరమ్మ గ్లాసులో సగానికి మాత్రం నీళ్లు పోసి ఆయన పక్కన పెట్టింది. ఆయన రెండు చేతులతో ఎత్తి తాగారు. కొన్ని గడ్డం మీద పడ్డాయి, తుడుచుకున్నారు. ఇంకా రెండు గుక్కలు మిగిలాయి. గ్లాసుని బెంచీ చివర దించి, లేచి, కోటు విప్పి మోచేతి మీద వేసుకున్నారు. మెట్ల వైపు వెళ్లబోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

బెంచీ చివర స్టీలు గ్లాసు. అందులో నీళ్లు ఇంకా సన్నగా వలయాలు తిరుగుతున్నాయి. చూస్తుండగానే అవి ఒక్కొక్కటే అంచుల్లోకి పోయి, నీళ్లు కదలకుండా నిలబడ్డాయి.